బోరులో గీత

"కూర్మయ్య పెద్దకొడుకుని ఆ బండి తినీసినాది, సిన్నోడు ఇయ్యాల దాని పొట్ట కోస్తన్నాడు" అని జయలక్ష్మి అందట. కొళాయి దగ్గర, పదిమంది వినేలా అందట. విశ్వకర్మ పూజ పూట పానా పట్టిన కొంప ఏ కొంపయినా బాగుపడిందా అని కూడా అడిగిందట. బైరాగి పెళ్ళాం ఆ మాటల్ని నీళ్ళబిందెతో పాటు చంకనేసుకొచ్చి, గుమ్మంలో నిలబడే కూర్మయ్య భార్య రామమ్మ చెవిలో ఒంపేసింది.

"నానైతే నమ్మలేదు పిన్నీ" అంటూనే నడిగదిలోకి మెడ సాచింది.

నమ్మకపోవడానికి ఏమీ మిగల్లేదు. కలకత్తా పక్కన లిలువా రైల్వే క్వార్టర్లో అటూ ఇటూ కలిపి రెండే గదులు. మంచం గోడకి నిలబెట్టేశారు. నేలమీద గోనెపట్టా, పట్టా మీద ఏడాదిగా టార్పాలిన్ చుట్టుకుని మంచం కింద పడున్న బుల్లెట్టు ఇంజను. దాని పక్కన మోకాళ్ళ మీద చిన్నకొడుకు సోములు. పై పెదవి చీలి, రక్తం గడ్డం మీదుగా కారి కొత్తచొక్కా మీద ఎండిపోయింది.

రామమ్మ తలుపు మూసి గడియ పెట్టింది.

"మీ అయ్య పందిరికాడ ఉన్నాడు. పూజ అయిపోగానే వొస్తాడు. నీ కాళ్ళు పట్టుకుంటాను, దాన్ని మంచం కిందకి తోసీరా బాబూ."

"వొస్తే రానీ."

"ఇయ్యాల పానా ముట్టకూడదురా! ఏడాదికొక్క రోజు!"

"మా అన్న గురించి ఆ పందిట్లో ఏటన్నారో ఇన్నావా? 'మీ వాటా సీసా దేవుడికి పెట్టండ్రా, మీ అన్న ఎలాగూ తాగడు కదా ఇంక' అన్నాడొకడు. అందరూ నవ్వినారు. నవ్వినోళ్ళల్లో మన తెలుగోళ్ళే ఎక్కువ."

ఆ తర్వాత జరిగింది పెద్దకోడలు పుష్పరాణి అరగంట కిందటే విన్నది. దేవుడి ముందు కొట్టడానికని మరిది పట్టుకెళ్ళిన కొబ్బరికాయ ఆ మనిషి దవడ మీద పగిలింది. నలుగురు కలిసి ఇతని మూతి పగలగొట్టారు. సోములు తిన్నగా ఇంటికొచ్చి, చెప్పులు కూడా విడవకుండా, మంచం కింద నుంచి ఇంజన్ని ఈడ్చాడు.

పుష్పరాణి వంటగదిలోంచి అంతా వింటోంది. పొయ్యి మీద పరమాన్నం గిన్నె అడుగంటుతోంది. వెలిసిపోయిన ఎర్ర మసిగుడ్డతో దాన్ని దించి, గుడ్డని మేకుకి తగిలించి బయటికొచ్చింది.

"ఇప్పు సోములూ" అంది. "బేగి."

రామమ్మ కోడలి వైపు తిరిగింది. "నువ్వు ఎక్కించిందేనే ఇదంతా! పది రోజుల్నించి నువ్వేటి సేస్తన్నావో నాకు తెలీదనుకున్నావా? పొద్దున్నే లెగిసి మంచం కిందకి దూరి ఇంజను పట్టు వొదలాలని ఆ కన్నంలో డీజిలు పొయ్యడం నాను సూడనేదా?"

"సూసి ఊరుకున్నావు కదత్తా. నీకూ తెలుసుకోవాలనే ఉంది."

రామమ్మ వెళ్ళి గడియ సరిగ్గా పడిందో లేదో చూసుకుంది.

ప్రేమ్‌సాగర్ పోయి ఏడాది. నడిచే బండి నడిరోడ్డు మీద ఉన్నట్టుండి వెనకచక్రం బిగుసుకుపోయి, మనిషిని ఎత్తి లారీ ముందు పడేసింది. ఆస్పత్రిలో డెంగ్యూ జ్వరంతో పడున్న తండ్రికి జావ క్యారేజీ తీసుకెళుతున్నాడు అప్పుడు. ఆ క్యారేజీ కట్టింది పుష్పరాణి. వంగి హెల్మెట్ పెట్టుకుంటుంటే నోట్లోంచి పళ్ళపొడి వాసనొచ్చిందే తప్ప మరో వాసన రాలేదు. అయినా పదోరోజున, అందరూ కూర్చున్న చోట, కన్నతండ్రి కూర్మయ్యే అన్నాడు: "ఆడికి తాగుడు అలవాటే. తాగి పడిపోనాడు. ఇంక ఆ ఊసు ఒగ్గీండి."

ఆ రోజు నుంచి ఆమె తాగుబోతు పెళ్ళాం అయింది. ఆరేళ్ళ కూతురు బళ్ళో తాగుబోతు పిల్ల అయింది.

పది రోజుల కిందట, తిథి ప్రకారం పూజకంటే ముందే వచ్చిన సంవత్సరీకం నాడు పిండాలు కలిపిన చెయ్యి కడుక్కోకుండానే పుష్పరాణి మామగారి ముందు నిలబడి ఒట్టు వేసింది. "ఇంజను ఇప్పించి తీరతాను. ఎవరి సెయ్యి తప్పు వల్ల నా మొగుడు పోనాడో, ఆ సెయ్యి ఆ ఇంజను మీదే పెట్టించి సుత్తితో ఇరగ్గొడతాను." కూర్మయ్య లేచి వెళ్ళిపోయాడు. ఆ వెళ్ళడమే ఆమెకి సాక్ష్యం. పోయినేడు ఆ ఇంజను పని పట్టింది ఆయనే, తప్పు ముసలాయన చేతిదే. రిటైరయ్యాక ఆయన చేతులు వణుకుతున్నాయని అందరికీ తెలుసు, ఆయనకి తప్ప.

సోములు టార్పాలిన్ లాగి పడేశాడు. సిలిండరు పక్కలకి ఇంకా పసుపు మరకలున్నాయి. ఒక రెక్క మీద కుంకుమ బొట్టు నల్లబడి, ఎండి, అలాగే అంటుకుని ఉంది. పోయినేడు పూజకి పుష్పరాణి పెట్టిన బొట్టు. టికియాపారాలో మునిసిపాలిటీ రోడ్లు ఊడ్చే నరసయ్య కూతురిగా ఆమె ఈ ఇంటికొచ్చిన ఏడేళ్ళలో అత్తగారు ఒకేఒక్క మంచిమాట అన్నది ఆ రోజే. విప్పి ఉన్న ఇంజన్ని తుడిచి, బొట్టు పెట్టి, కొత్త పసుపుబట్ట కట్టి, బంతిపూలు చుడితే, "నా కోడలు సేతిలో ఇనుం కూడా ఎలా వెలిగిపోతన్నాదో సూడండి" అని క్వార్టర్ల లైనంతా పిలిచి చూపించింది.

"అయ్య రాకముందే హెడ్డు లేపీయాలి" అన్నాడు సోములు.

సిలిండరు మీది ఆ మూత నట్లు తుప్పుతో బిగుసుకున్నాయి. మొదటిది కేకపెట్టి వదిలింది. రెండోదానికి పానా జారి సోములు వేళ్ళు సిలిండరు రెక్కలకి గుద్దుకుని తోలు లేచిపోయింది. బూతు తిట్టాడు. మూడోది, నాలుగోది. హెడ్డు కింద స్క్రూడ్రైవరు దూర్చబోతుంటే పుష్పరాణి చెయ్యి పట్టుకుంది.

"అలాగ పొడవకు. అంచు దెబ్బతింటాది. మీ అన్న ఎప్పుడూ కర్రతోనే తట్టేవోడు."

రోకలి తెచ్చిచ్చింది. రామమ్మ "ఓలమ్మా, నా రోకలి!" అని గుండె బాదుకుంది. నాలుగు దెబ్బలకి హెడ్డు ఊడొచ్చింది.

అప్పుడే తలుపు మీద అరచేతి దెబ్బ పడింది.

"గడియ తియ్యి."

ఎవరూ కదల్లేదు. రెండో దెబ్బకి చెక్కతలుపు ఊగింది. మూడోదానికి గడియ మేకులతో సహా ఊడి గది మధ్యలో పడింది.

కూర్మయ్య గుమ్మంలో నిలబడ్డాడు. నుదుట పందిట్లో పెట్టిన బొట్టు, చేతిలో ప్రసాదం పొట్లం. నేలమీద పడున్న హెడ్డుని చూశాడు. పొట్లం గూట్లో పెట్టాడు, జాగ్రత్తగా. ఆ తర్వాత వంగి పట్టా మీద ఉన్న పెద్ద పానా తీసుకుని, కొడుకు మణికట్టు మీద కొట్టాడు.

సోములు అరుపు లైను చివరిదాకా వినబడి ఉంటుంది.

"పూజ నాడు పానా ముడతావురా!"

"నువ్వు ముట్టినావు కదేటి, నా సెయ్యి ఇరగ్గొట్టడానికి!"

రెండో దెబ్బకి లేచిన పానాకి పుష్పరాణి అడ్డొచ్చింది. అది ఆమె భుజం మీద పడింది. కళ్ళ ముందు తెల్లగా అయింది. అయినా రెండు చేతులతో పానాని పట్టుకుని వదల్లేదు. మామా కోడలూ ఇనప ముక్కకి చెరో కొసన వేలాడారు.

"ఒగ్గీ పుష్పా!"

"ఒగ్గను మావా. సంపీండి. ఇప్పినాక సంపీండి."

"ఇప్పితే ఏటొస్తాది నీకు? ఆడు తిరిగొస్తాడా?"

"ఆడి మీదేసిన సీసా పోతాది! నా మొగుడు తాగి సచ్చినాడని నువ్వు కదా అన్నావు? నీ జావ పట్టుకుని వొస్తన్నోడు కదా!"

ముసలాయన చేతుల్లో పట్టు సడలింది. ఆ సందులో ఆమె పానా లాక్కుని కిటికీలోంచి విసిరేసింది. బయట ఎవరో "అరే బాబా!" అని పక్కకి గెంతారు. పూజకని గాలిపటాలు ఎగరేస్తున్న మేడల మీద "భో కాట్టా!" అని కేకలు. ఎవరి దారమో తెగింది.

సోములు ఎడమచేత్తో సుత్తి అందుకున్నాడు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర అప్పుడే బూరెలా పొంగింది. రోకలిని సిలిండరు రెక్కల కింద ఆనించి బాదడం మొదలెట్టాడు. అది తట్టడం కాదు, బాదడమే. ఒక రెక్క విరిగి గోడకి తగిలింది. ఇంకొకటి రామమ్మ కాళ్ళ దగ్గర పడింది.

"పగిలిపోతాదిరా" అన్నాడు కూర్మయ్య. ఆ గొంతు వేరుగా ఉంది. కోపం కాదు అది.

"పగలనీ!"

"ఒరే, నా మాట ఇను. నీ మంచికే సెప్తన్నాను. ఒగ్గీరా."

"నా మంచేటి?"

కూర్మయ్య సుత్తి మీదకి చెయ్యి చాపాడు. సోములు మోచేత్తో తోశాడు. ముసలాయన వెనక్కి తూలి, గోడకి నిలబెట్టిన మంచం కోడుకి తల కొట్టుకుని, కింద కూలబడ్డాడు. తెల్లజుట్టులోంచి రక్తం చెవి మీదకి దిగింది. రామమ్మ కొడుకుని వీపు మీద, తల మీద, ఎక్కడ దొరికితే అక్కడ కొట్టింది. సోములు ఆ దెబ్బలన్నీ తింటూనే బాదాడు.

కర్రుమని ఒక చప్పుడు. సిలిండరు వేలెడు పైకి లేచింది.

ఇంకో నాలుగు దెబ్బలు. ఊడొచ్చింది. పిస్టను బయటపడింది.

విరిగిన తలుపులోంచి బైరాగి వచ్చాడు అప్పటికి. కూర్మయ్యతో ఒకే రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్ళు పనిచేసినవాడు. "ఇదేట్రా, ఇల్లా కసాయి కొట్టా?" అంటూ ముందు కూర్మయ్యని లేపి కూర్చోబెట్టి, తలకి తన కండువా చుట్టాడు. చుడుతూనే కళ్ళు పిస్టను మీదకి పోయాయి. ఫిట్టరు కళ్ళు వాటంతట అవే పోతాయి.

పిస్టనుకీ రాడ్డుకీ మధ్య ఉండే పిన్ను ఎడమపక్కకి అంగుళం పొడుచుకొచ్చి ఉంది. బైరాగి సిలిండర్ని వెలుతురుకి ఎత్తి లోపలికి చూశాడు. పిస్టను ఆడే ఆ బోరు గోడ మీద పైనుంచి కిందకి లోతైన గీత. పిన్ను పక్కకి జరిగి జరిగి, గోడని గీరి గీరి, ఆఖరికి ఇరుక్కుపోయింది. అక్కడే చక్రం బిగుసుకుంది.

"పిన్ను జరక్కుండా రెండు పక్కలా లాకులుంటాయి" అని పుష్పరాణికి చెప్పాడు. "చిన్న తీగముక్కలు, అంతే. కుడిపక్క ఉంది, ఇదిగో. ఎడమపక్కది..." గాడిలోకి గోరు దూర్చి చుట్టూ తిప్పాడు. "ఊడిపోతే గాడి అంచు చిట్లుతాది. ఇది సుబ్బరంగా ఉంది. ఇక్కడ లాకు ఎయ్యలేదు. అసలుకే ఎయ్యలేదు."



"పిస్టను ఎక్కించిందెవరు?" అంది పుష్పరాణి.

సోములు తండ్రి కేసి చూశాడు. "అయ్య. పూజ ముందురోజు. నానూ అన్నా తరవాత సిలిండరు దింపి మూసినాం అంతే. అయ్య సేసిన పనిని ఏలెట్టి సూడ్డం ఈ ఇంట్లో లేదు. సూస్తే ఆయన్ని తిట్టినట్టు." లేచి నిలబడ్డాడు. "సంపీసినావు. సంపీసి, తాగినాడని సెప్పినావు. నీ సెయ్యి వణికిందని ఒప్పుకోలేక కన్నకొడుకుని తాగుబోతుని సేసినావు!"

ఎడమచేత్తో తండ్రి మెడ దగ్గర చొక్కా గుప్పిట పట్టి పైకి లేపాడు. బైరాగి అడ్డుపడితే అతన్నీ తోసేశాడు. కూర్మయ్య తల గోడకి ఒకసారి కొట్టుకుంది. రెండోసారి కొట్టుకుంది. ముసలాయన చేతులు ఎత్తలేదు.

పుష్పరాణి ఆపలేదు. నేలమీద సుత్తి ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుంది. ఏడాదంతా ఈ బరువు ఎలా ఉంటుందో అని ఆలోచించింది. అనుకున్నంత లేదు.

"సెయ్యి ఇంజను మీద పెట్టండి మావా" అంది.

"పెడతాను" అన్నాడు కూర్మయ్య. సోములు పట్టులోంచే అన్నాడు. "లాకు ఎయ్యనిది నానే. కానీ నాను మరిసిపోలేదు. గుడ్డ కట్టినాను."

"ఏ గుడ్డ?"

"బైరాగీ, నువ్వు సెప్పు. పని సగంలో ఆగితే ఏటి సేస్తాం?"

బైరాగి పుష్పరాణి వైపు తిరిగాడు. "ఎర్రగుడ్డ కడతాం. బండి కింద మనిషున్నాడు, పని అవ్వలేదు అని. కట్టినోడే ఇప్పాలి. గుడ్డ ఉన్నంత సేపూ పెద్దాఫీసరొచ్చినా ఆ బండి కదలదు."

"ఆ రోజు పొద్దుగూకేటప్పుడు కుడిపక్క లాకు ఏసినాను. ఎడమపక్కది ఏస్తుంటే ఏళ్ళు వణికినాయి. టిక్కుమని ఎగిరిపోనాది. ఇల్లంతా ఎతికినాను. కొట్లు మూసీసినారు. మర్నాడు పూజ, పానా ముట్టకూడదు. సరే ఎల్లుండి కొత్తది తెద్దామని, పాత ఎర్రజెండా సింపి రాడ్డుకి కట్టినాను. రెండు ముళ్ళేసినాను. తెల్లారేసరికి జొరం. నన్ను ఆస్పత్రికి మోసుకుపోనారు. నాకు భయం నేదు. గుడ్డ ఉన్నాది కదా, ఎవుడు ముట్టుకుంటాడు అనుకున్నాను."

కొడుకు కళ్ళల్లోకి చూశాడు.

"ఇంటికొచ్చినాక సూసినాను. ఇంజను మూసున్నాది. గుడ్డ నేదు. పెద్దోడు అలాంటి పని సెయ్యడు. సిలిండరు మూసే పని ముందుగా మొదలెట్టింది నువ్వే అని మీ అమ్మ సెప్పింది. నువ్వే ఇప్పినావు. తొందరలో ఇప్పీసినావు. ఇంజను ఇప్పితే ఈ పిల్ల నిన్ను బతకనియ్యదు. ఉన్నోడివి ఒక్కడివి. అందుకే తాగినాడన్నాను. సచ్చినోడికి సీసా అంటగట్టి బతికున్నోడిని దాసుకున్నాను."

సోములు గుప్పిట వదిలేశాడు. రెండడుగులు వెనక్కి వేశాడు.

"నాను ఇప్పనేదయ్యా."

"ఇంక ఏల దాస్తావురా?"

"నా అన్న మీద ఒట్టు. నానొచ్చేసరికి ఏ ఎర్రగుడ్డా నేదు. పసుపుబట్ట ఉన్నాది, బంతిపూలున్నాయి, బొట్టున్నాది. అన్న కూడా సూసినాడు. 'గుడ్డ నేదు, అంటే అయ్య పని అయిపోనాది' అన్నాడు. ఆ మాటే అన్నాడు."

పుష్పరాణి చేతిలో సుత్తి ఉన్నట్టుండి బరువెక్కింది.

పోయినేడు పూజనాటి ఆ పొద్దు కళ్ళ ముందుకొచ్చింది. తెల్లవారుజామునే తలంటుకుని, ఎవరూ లేవకముందే గుడ్డా సబ్బూ తీసుకుని కూర్చుంది. తండ్రి నేర్పిన చేతులు అవి, మురికి కనబడితే ఊరుకోవు. రాడ్డుకి నల్లటి పీలిక ఒకటి వేలాడుతోంది, జిడ్డుకి రంగు కూడా తెలియకుండా. దేవుడికి పెట్టేదాని మీద ఈ మసిపీలికేంటి అనుకుంది. ముడి చాలా గట్టిగా ఉంది. పళ్ళతో లాగింది.

రెండు ముళ్ళు.

అత్తగారి వైపు చూసింది. రామమ్మ అప్పటికే ఆమెనే చూస్తోంది. లైనంతా పిలిచి చూపించిన మనిషి. ఆ ముఖంలో రంగు లేదు.

"గాలికి ఎగిరిపోయుంటాది" అంది రామమ్మ గబగబా. "వర్షాలు కదా అప్పుడు. కిటికీ తీసుంది. గాలే."

"ముడి గాలికి ఊడదే" అన్నాడు కూర్మయ్య.

"మరి ఎలకలు లాక్కెళ్ళినాయేమో! ఇంక వొదిలీండి. అయిపోనాది కదా. పుష్పా, నువ్వు లోపలికెళ్ళు. పరమాన్నం సూడు. ఎళ్ళవే!"

పుష్పరాణి లోపలికి వెళ్ళింది. మేకు మీద నుంచి మసిగుడ్డ తీసింది. ఉతికి ఆరేస్తే ఎర్రగా తేలింది అప్పుడు, మందంగా ఉందని ఉంచుకుంది. ఏడాదిగా ప్రతి గిన్నే దీంతోనే దించింది. ఆ రోజు జావగిన్నె కూడా.

తిరిగొచ్చి, ఆ గుడ్డని సిలిండరు మీద, తను పెట్టిన బొట్టు పక్కన పరిచింది. అక్కడక్కడా పొయ్యికి కాలి చిల్లులు పడినా, ఒక కొసన జెండా కుట్టు ఇంకా ఉంది.

కూర్మయ్య వంగి చూశాడు. వేలితో ఆ కుట్టుని తడిమాడు.

"ఇదే" అన్నాడు. "ఎవులిప్పినారు?"

పుష్పరాణి సుత్తిని సోములు కాళ్ళ దగ్గర పెట్టింది. గోనెపట్టా మీద కూర్చుని, కుడి అరచెయ్యి ఎర్రగుడ్డ మీద పరిచింది.

"నాను. మురికిగా ఉంటే ఇప్పీసినాను. కొట్టు."